ఒళ్ళు పట్టే చేతులు

పులికాట్ అనగానే మనవాళ్ళకి గుర్తొచ్చేవి రెండు. ఒకటి, చలికాలంలో వచ్చి వాలే పొడుగుకాళ్ళ ఫ్లెమింగోలు. రెండోది, సరస్సు అవతల శ్రీహరికోటలోంచి ఎగిరే రాకెట్లు. చరిత్ర బాగా చదువుకున్న పిల్లలయితే డచ్చివాళ్ళ కోట అని ఇంకో మాట కూడా చెబుతారు. ఇవాళ నేను చెప్పబోయేది మాత్రం నూనె గురించి. ఆ మాటకొస్తే, ఆ నూనె రాసి ఎదుటిమనిషి ఒళ్ళు పట్టిన చేతుల గురించి.

"పులికాట్‌కీ ఒళ్ళు పట్టడానికీ ఏమిటండీ సంబంధం?" అంటారేమో. ఉంది. రేవు ఉన్నచోటికి పరాయివాళ్ళు వస్తారు. పరాయివాళ్ళు వచ్చినచోట, మనం రోజూ చేస్తూ కూడా పట్టించుకోని పనులు ఎవరో ఒకరు కాగితం మీద పెడతారు. మన అమ్మమ్మలు తలంటి గురించి పుస్తకాలు రాయలేదు. రాయాల్సిన పనేమీ వాళ్ళకి కనిపించలేదు మరి! అందుకని ఈ కథని కొంత పరాయివాళ్ళ రాతల్లోంచీ, కొంత మన పెరటి దొడ్లోంచీ ఏరుకోవాలి.

పులికాట్ ఊరు ఇప్పుడు తమిళనాడులో ఉంది. అక్కడివాళ్ళు పళవేర్కాడు అంటారు. సరస్సులో ఎక్కువ భాగం మాత్రం మనవైపే – తడ, సూళ్ళూరుపేట, దొరవారిసత్రం. 2022 దాకా అది నెల్లూరు జిల్లా, ఆ తర్వాత తిరుపతి జిల్లా. ఒడ్డున ఉన్న తెలుగు పల్లెల్లో ఆ సరస్సుకి ప్రళయకావేరి అని పేరు. ఎంత పేరండీ! అలాంటి పేరు పెట్టుకున్న నీళ్ళకి మనం బడిపుస్తకాల్లో 'పులికాట్' అని రాసి ఊరుకున్నాం.

విజయనగరం రోజుల్లో ఇది రాయలవారి రేవు. 1515 ప్రాంతాల్లో ఈ తీరాల విశేషాలు రాసిన బార్బోసా అనే పోర్చుగీసు ఉద్యోగి, పెగూ నుంచి వచ్చే కెంపులూ కస్తూరీ ఇక్కడ అమ్ముతారని రాశాడు. పెగూ అంటే బర్మా దేశం. కెంపులు ఎక్కడికి పోతాయో చెప్పక్కర్లేదు, నగల్లోకి. కస్తూరి సంగతి మాత్రం పెద్ద ముత్తైదువల్ని అడగాలి. ఒంటికి పూసుకునే గంధంలోకీ, పరిమళ తైలాల్లోకీ పోయేది. అంతకు నాలుగు వందల ఏళ్ళ ముందే, కల్యాణి చాళుక్యుల సోమేశ్వరుడు తన 'మానసోల్లాసం'లో స్నానభోగమని ఒక అధ్యాయమే పెట్టాడు. రాజుగారు అనుభవించాల్సిన భోగాల్లో భోజనం, తాంబూలంతోబాటు నూనె రాయించుకుని స్నానం చేయడం కూడా ఒకటన్నమాట.

రాజుల మాట వచ్చింది కనక కృష్ణదేవరాయలవారి దగ్గరికి వెళదాం. రాయలవారంటే మనలో చాలామందికి పట్టుబట్టలూ, కిరీటమూ, ఎన్టీ రామారావుగారి చిరునవ్వూను. 1520 ప్రాంతంలో విజయనగరానికి వచ్చిన డొమింగో పేస్ అనే పోర్చుగీసాయన చెప్పిన రాయలు వేరు. తెల్లవారకముందే లేస్తాడు. ముప్పాతిక పైంటు నువ్వుల నూనె – మన పెద్ద గ్లాసుడు పైనే – గటగటా తాగేస్తాడు. అదే నూనె ఒంటినిండా పట్టించుకుంటాడు. చిన్న గుడ్డ ఒకటి కట్టుకుని, మట్టితో చేసిన పెద్ద పెద్ద బరువులెత్తి, కత్తి పుచ్చుకుని, ఆ నూనంతా చెమటై కారిపోయేదాకా సాము చేస్తాడు. తర్వాత ఒక మల్లుడితో కుస్తీ. ఆ తర్వాత గుర్రమెక్కి తెల్లారేదాకా మైదానమంతా చుట్టబెడతాడు. అప్పుడు స్నానం. (నూనె తాగే భాగం మనం ఎవరమూ అనుకరించనక్కర్లేదు. కత్తిసామూ గుర్రం స్వారీ చేసేవాళ్ళ కడుపు సంగతి వేరు.)

ఈ కథలో అందరూ నూనె దగ్గరే ఆగిపోతారు. నాకు నచ్చింది దాని తర్వాతి వాక్యం. రాజుగారికి స్నానం చేయించేది ఒక బ్రాహ్మణుడనీ, ఆయనంటే రాజుగారికి ఎంతో గురి అనీ, ఆయన గొప్ప ధనవంతుడనీ పేస్ రాశాడు. చూశారా, నీళ్ళు పోసి ఒళ్ళు రుద్దే పనికి విజయనగరంలో అంత గౌరవమూ, అంత సంపదా ఉన్నాయన్నమాట – రుద్దించుకునే ఒళ్ళు రాజుగారిదైతే. ఈ ముక్క కాస్త గుర్తుంచుకోండి. మళ్ళీ అవసరం వస్తుంది.

నూనె రాసుకోవడానికి కారణాలు మన వైద్యులు ఎప్పుడో చెప్పారు. చరకుడి ఉపమానాలు ఎంత ఇంటివో చూడండి. నూనె పట్టించిన కుండ, నూనె పట్టించిన తోలు, నూనె పోసిన బండి ఇరుసు ఎలా గట్టిపడి ఎక్కువకాలం మన్నుతాయో, నూనె పట్టించిన ఒళ్ళూ అలాగే మన్నుతుందన్నాడు. వాగ్భటుడు ఇంకాస్త వివరంగా చెప్పాడు. అభ్యంగనం రోజూ చేసుకోవాలి; రోజూ ఒళ్ళంతా కుదరకపోయినా తలా, చెవులూ, అరికాళ్ళూ మాత్రం వదలొద్దు. అలసట తగ్గుతుంది, నిద్ర పడుతుంది, ముసలితనం తొందరగా రాదు. అంతటితో ఊరుకోకుండా ఎవరు చేసుకోకూడదో కూడా చెప్పాడు: కఫం ముదిరినవాళ్ళూ, అజీర్ణంతో ఉన్నవాళ్ళూ, విరేచనాలకి మందు పుచ్చుకున్నవాళ్ళూ. మనవాళ్ళు మొదటి సగం గుర్తుంచుకుని రెండో సగం మరిచిపోయారు.

రోజూ అన్నది రాజులకి చెల్లింది గాని సంసారులకి ఎక్కడ వీలవుతుంది? వారానికో రోజు అయింది. మగవాళ్ళకి శనివారం, ఆడవాళ్ళకి శుక్రవారం. తిరుమల కొండమీద వెంకన్నకీ శుక్రవారమే అభిషేకం; అభిషేకమయ్యాక మూలమూర్తికి పునుగు తైలం పూస్తారు. దేవుడి ఒంటికి కూడా వారానికోసారి నూనె తగలాల్సిందే. ఇక దీపావళికి ముందు వచ్చే నరకచతుర్దశినాడైతే ఇల్లిల్లూ నూనె వాసనే. పిల్లల్ని పీటమీద కూచోబెట్టి, నడినెత్తిన నూనె పెట్టి, చెవులు మండేట్టు కుంకుడు రసం పోసి, సున్నిపిండితో రుద్దితే ఆ ఏడుపులు వీధి చివరికి వినిపించేవి. ఎవరైనా గట్టిగా చివాట్లు పెడితే 'తలంటాడు' అంటాం కదా, ఆ మాట పుట్టింది ఇలాంటి నీళ్ళ గదిలోనే అయి ఉంటుందని నా ఊహ.

అల్లుడికి తలంటు ఉంది. పెళ్ళికొడుక్కి నలుగు ఉంది. పసివాడికి రోజూ స్నానం ఉంది. పొలంనుంచి వచ్చిన మామగారికి కాళ్ళు పట్టడం ఉంది. పట్టేదెవరు? మీకు తెలుసు. మరి ఆ పట్టే మనిషి ఒంటికి ఎవరన్నా నూనె రాసేదెప్పుడు? పెళ్ళినాటి నలుగు వదిలేస్తే ఒకే ఒక్కసారి – పురుడొచ్చినప్పుడు.

అందుకే బాలింత స్నానాన్ని నేను చిన్న విషయమనుకోను. ఆ కొద్ది వారాలూ ఇల్లాలు పడుకుని, ఇంకొకరి చేతులకి తన ఒళ్ళు అప్పగిస్తుంది. కాచిన నువ్వుల నూనె నడుముకీ, వెన్నుకీ, పిక్కలకీ పట్టిస్తారు. వేడినీళ్ళు కాగులతో పోస్తారు. నడుముకి పాత చీర బిగించి కడతారు. పైటా కొంగూ సరిచూసుకోనక్కర్లేదు, ఎవరన్నా పిలుస్తారేమోనని చెవి అటు వెయ్యనక్కర్లేదు. పిల్లవాడు ఏడిస్తే ఎత్తుకోడానికి అమ్మ ఉంది. తొమ్మిది నెలలు మోసి, కని, రాత్రుళ్ళు నిద్రలేక పులిసిపోయిన ఒంటికి అది వైద్యమా, ముద్దా అని వేరు చెయ్యలేం.

పసిబిడ్డ స్నానం ఇంకో విద్య. ఆ పని చేసే అవ్వ చిన్నపీట మీద కూర్చుని, చీర మోకాళ్ళ పైకి దోపి, రెండు కాళ్ళూ బారజాపి దగ్గరకి చేరుస్తుంది. ఆ పిక్కల మధ్య పల్లమే ఉయ్యాల. బిడ్డని బోర్లా వేసి వెన్ను నిమిరి, వెల్లకిలా తిప్పి ఛాతీ నుంచి చేతులదాకా, తొడల నుంచి పాదాలదాకా లాగి, చేతులు కట్టి విప్పి, కాళ్ళు మడిచి చాపి – అంతా ఏదో తనలో తను మాట్లాడుకుంటున్నట్టే చేస్తుంది. బిడ్డ మొదట కెవ్వుమంటాడు; రెండు చెంబులు పడగానే ఊరుకుంటాడు; ఒళ్ళు తుడిచేలోపల కళ్ళు మూతలు పడతాయి. "పచ్చి ఎముకలమ్మా, నెమ్మదిగా పట్టాల" అని ఆ సీమలో పెద్దవాళ్ళు అంటుంటారు. ఈ ఒక్క మాటలో ఒక పాఠ్యపుస్తకం ఉంది.

ఎవరీ అవ్వలు? చాలా ఊళ్ళలో మంత్రసానులే. పురుడు పోయడంతోబాటు ఈ పని కూడా వాళ్ళదే. ఎక్కువగా మంగలి, చాకలి ఇళ్ళ ఆడవాళ్ళు. మగవాళ్ళకి పండగ తలంటు మంగలి వచ్చి చేసిపోయేవాడు. వాళ్ళకి జీతమంటూ లేదు. కళ్ళంలో ధాన్యం కొలిచేప్పుడు వాళ్ళ వంతు మేర, పండగకి పిండివంటలు, పురుడైతే పడి బియ్యం, ఒక పాత చీర, తమలపాకులూ వక్కా, మిగిలిన నూనె. రాయలవారికి నీళ్ళు పోసినాయన గొప్ప ఆస్తిపరుడయ్యాడని చదివాం. ఊళ్ళో తరానికి తరాన్ని తన కాళ్ళమీద వేసుకుని నీళ్ళు పోసిన మనిషి పదకొండో రోజున పడి బియ్యంతో ఇంటికి పోయేది. పురుడు కడుక్కునేదాకా ఆమె చేతిలో బిడ్డ. ఆ తర్వాత ఆమె గడప ఇవతలికి రాకూడదు. చెయ్యి కావాలి, మనిషి వద్దు. ఈ రోజుకీ దీని గురించి ఎక్కువమంది మాట్లాడుకోరు.

సరే, మళ్ళీ రేవుకి వద్దాం. 1610లో డచ్చివాళ్ళు చంద్రగిరి రాజ్యాన్నేలిన వెంకటపతి రాయలవారి దగ్గర అనుమతి సంపాదించి పులికాట్‌లో వ్యాపారం పెట్టారు. 1613లో గెల్డ్రియా కోట కట్టుకున్నారు. 1690 దాకా కోరమండల్ తీరంలో వాళ్ళకి అదే ముఖ్యస్థానం. ఇక్కడినుంచి వెళ్ళిన రంగురుమాళ్ళకీ, అద్దకం బట్టలకీ తూర్పుదీవుల్లో ఎంతో గిరాకీ. డచ్చివాళ్ళు లెక్కలు రాయడంలో ఘనులు. ఏ ఓడలో ఎన్ని బేళ్ళు ఎక్కాయో, ఎన్ని పీపాల తుపాకిమందు తయారైందో అణాపైసలతో సహా రాసుకున్నారు. కరువులొచ్చినప్పుడు తిండిలేక అమ్ముడుపోయిన మనుషుల్ని కూడా బానిసలుగా కొని బటేవియాకి ఎక్కించి ఆ లెక్కా రాసుకున్నారు. అలా వెళ్ళినవాళ్ళలో ఆడవాళ్ళూ ఉన్నారు. దూరదేశంలో ఎవరి దొరసాని కాళ్ళు ఎవరు పట్టారో మాత్రం ఏ చిట్టాలోనూ రాయరు కదా.

వాళ్ళ సమాధులు పులికాట్‌లో ఇప్పటికీ ఉన్నాయి. రాతిమీద చక్కటి చెక్కడం, పేర్లూ తేదీలూ. 1825లో ఆ ఊరు ఇంగ్లీషువాళ్ళ చేతికి పూర్తిగా పోయింది. రెండు వందల ఏళ్ళకి పైగా కోటలో కూర్చున్న డచ్చివాళ్ళకి, గోడ అవతల పెరట్లో మనవాళ్ళు రోజూ చేసే ఈ పని సరుకుగా కనిపించలేదు. బేళ్ళలో కట్టి ఓడెక్కించడానికి వీల్లేనిది గదా!

సరుకు వెళ్ళకపోయినా మాటలు వెళ్ళాయి. ఇది తమాషా కథ.

మొదటి మాట షాంపూ. ఇది ఇంగ్లీషు మాటని మనమందరం అనుకుంటాం. హిందీలో 'చాంపో' అంటే ఒత్తు, నొక్కు అని. ఒళ్ళు పట్టమని నౌకరుకి చెప్పే మాట. 1760లలో ఇంగ్లీషువాళ్ళు దాన్ని తమ రాతల్లోకి ఎక్కించుకున్నప్పుడు షాంపూ అంటే ఒళ్ళు పిసకడమే, తల రుద్దుకునే నురగ కాదు. పాట్నాలో 1759లో పుట్టిన షేక్ దీన్ మహమ్మద్ అనే ఆయన కుర్రతనంలోనే కంపెనీ పటాలం వెంట తిరిగి, 1784లో ఐర్లండు చేరి, జేన్ అనే ఐరిష్ అమ్మాయిని పెళ్ళి చేసుకున్నాడు. 1814లో ఇంగ్లండు సముద్రపుటొడ్డున బ్రైటన్ ఊరికి మకాం మార్చి, ఆవిరిస్నానమూ ఒళ్ళు పట్టడమూ కలిపి ఒక స్నానశాల పెట్టాడు. కీళ్ళనొప్పులతో కుంటుతూ వచ్చినవాళ్ళు వదిలేసిపోయిన చంకకర్రలు అక్కడ గోడలకి వేలాడదీసి ఉండేవట. అంతకన్నా మంచి సైన్‌బోర్డు ఏముంటుంది? ఇద్దరు రాజులు, నాలుగో జార్జీ, నాలుగో విలియమూ, ఆయన్ని తమ షాంపూ వైద్యుడిగా నియమించుకున్నారు. 1822లో షాంపూయింగ్ గురించి పుస్తకం కూడా వేశాడు. ఆడవాళ్ళ స్నానాల వైపు చూసుకున్నది జేన్. ఆమెకి ఏ బిరుదూ రాలేదనుకోండి. ఆ తర్వాత్తర్వాత ఇంగ్లండులో ఆ మాట ఒంటినుంచి తలకీ, చేతినుంచి సబ్బుకీ జారిపోయింది. వెళ్ళేప్పుడు చేతిపని, తిరిగొచ్చేప్పుడు సీసాలో నురగ. ఇప్పుడు పల్లెటూరి కొట్లలో తోరణాల్లా వేలాడే ప్యాకెట్లన్నీ ఆ మాట మునిమనవలే.

రెండోది మసాజ్. ఈ మాట అరబ్బీలోంచి వచ్చిందని కొందరూ, పోర్చుగీసులోంచి అని కొందరూ వాదిస్తారు. ఫ్రెంచి భాషలో ఒళ్ళు పిసకడమనే అర్థంతో ఆ క్రియ అచ్చులో మొదట కనిపించిన పుస్తకం, 1779లో వచ్చిన లె జాంతీ ప్రయాణ గ్రంథమని పరిశోధకులు చెబుతారు. పాపం ఈ లె జాంతీది పెద్ద కథ. ఆయన ఖగోళ శాస్త్రజ్ఞుడు. శుక్రగ్రహం సూర్యుడికి అడ్డంగా పోవడాన్ని కొలవడానికి ఫ్రాన్సునుంచి బయల్దేరి, మొదటిసారి 1761లో ఓడమీదే ఉండిపోయి లాభం లేకపోయింది. ఎనిమిదేళ్ళు ఈ సముద్రాల్లోనే గడిపి, 1769లో పాండిచేరిలో దుర్భిణీ బిగించుకుని కూచుంటే, సరిగ్గా ఆ వేళకి మబ్బు పట్టింది. శుక్రుడు కనపడలేదు గాని, ఆయన పుస్తకం పుణ్యమా అని ఒళ్ళు పట్టే మాట ఒకటి ఫ్రెంచివాళ్ళకి దక్కింది.

మూడోది చూడండి, మళ్ళీ డచ్చివాళ్ళే. 'స్వీడిష్ మసాజ్' అని పట్నాల్లో బోర్డులు పెడుతున్నారు కదా. స్వీడన్‌లో లింగ్ అనే ఆయన వ్యాయామ పద్ధతులు పెట్టిన మాట నిజమే. అయితే చేతి కదలికలకి పేర్లు పెట్టి, వరస ఏర్పరచి, డాక్టర్లకి నచ్చజెప్పినవాడు యోహాన్ మెట్జ్‌గర్ – ఆమ్‌స్టర్‌డాంలో 1838లో పుట్టిన డచ్చి వైద్యుడు. 1880లలో ఆస్ట్రియా మహారాణి ఎలిజబెత్ అంతటావిడ ఈయన చేత వైద్యం చేయించుకోడానికి వెళ్ళింది. ఆయన పెట్టిన పేర్లు ఫ్రెంచిలో ఉంటాయి: ఎఫ్లరాజ్, పెట్రిసాజ్, ఫ్రిక్షన్, టపోత్‌మాఁ. వినడానికి ఎంతో ఘనంగా ఉన్నాయి. తెలుగులో చెప్పుకుంటే నిమరడం, పిసకడం, రుద్దడం, తట్టడం. మన అవ్వ కాళ్ళు చాపుకుని బిడ్డకి చేసే నాలుగు పనులూ ఇవే, వరస కూడా దాదాపు ఇదే. పులికాట్ చూసి డచ్చివాళ్ళు నేర్చుకున్నారని నేను అనడం లేదు. మనిషి ఒళ్ళు ఎక్కడైనా ఒకటే. దాన్ని ఓదార్చే చేతులు కూడా ఎక్కడికక్కడ అవే దారులు కనిపెట్టుకుంటాయి.

ఇంతకీ దీనివల్ల నిజంగా మేలుందా అంటే, ఉంది – మనం చెప్పుకునేంత కాకపోయినా, డాక్టర్లు కొట్టిపారేసేంత తక్కువా కాదు. 1986లో అమెరికాలో టిఫనీ ఫీల్డ్ అనే శాస్త్రజ్ఞురాలు, నెలలు నిండకుండా పుట్టిన 40 మంది పసికందుల మీద ఒక పరిశీలన చేసింది. సగం మందికి రోజుకి మూడుసార్లు, పదిహేనేసి నిమిషాలు, పది రోజులపాటు ఒళ్ళు నిమిరి కాళ్ళూ చేతులూ కదిలించారు. పాలు అందరికీ ఒకటే. నిమిరించుకున్న పిల్లలు రోజుకి 47 శాతం ఎక్కువ బరువు పెరిగారు. ఆరు రోజుల ముందే ఇంటికి వెళ్ళారు. ఒళ్ళు నిమిరితే కడుపుకి పోయే నాడి ఒకటి మేలుకుని జీర్ణం బాగా జరుగుతుందని ఆవిడ తర్వాత వివరించింది. 'నీళ్ళు పోస్తే బిడ్డ ఒళ్ళు చేస్తాడమ్మా' అన్నప్పుడు మనం నవ్వేవాళ్ళం.

పెద్దవాళ్ళ మాటకొస్తే, 2011లో అమెరికాలో సియాటిల్ వాళ్ళు ఎన్నాళ్ళనుంచో నడుంనొప్పితో బాధపడుతున్న 401 మందిని తీసుకుని చూశారు. పదివారాలు మర్దనా చేయించుకున్నవాళ్ళు మామూలు వైద్యంతో ఉన్నవాళ్ళకన్నా నయంగా ఉన్నారు. కీలెరిగి నొక్కే ప్రత్యేక పద్ధతికీ, ఊరికే హాయిగా రుద్దడానికీ తేడా ఏమీ కనపడలేదు. అయితే ఏడాది తిరిగేసరికి ఆ మేలు చాలావరకు కరిగిపోయింది. అంటే అది ఒకసారి వేసుకుని మరిచిపోయే మందు కాదు. మళ్ళీ మళ్ళీ కావాలి. వాగ్భటుడు రోజూ అన్నది ఇందుకేనేమో. కెనడాలో 2012లో ఇంకో పరీక్ష జరిగింది. పదకొండు మంది కుర్రాళ్ళ చేత సైకిలు తొక్కించి, అలిసిపోయాక ఒక కాలికి పది నిమిషాలు మర్దనా చేసి, కండలోంచి చిన్న ముక్క తీసి చూశారు. కండలో వాపు తగ్గించే మార్పులు కనిపించాయి. పేరుకున్న ఆమ్లం కొట్టుకుపోతుందని అందరూ చెప్పే మాటకి మాత్రం ఆధారం దొరకలేదు. ఈ సంగతి తెలిసిన ఇల్లాలు, ఒంట్లో విషాలన్నీ పోతాయని చెప్పి డబ్బులు గుంజేవాళ్ళ దగ్గర మోసపోదు.

ఇక వద్దన్న పనులు కూడా చెప్పుకోవాలి. పసిబిడ్డ ముక్కులో, చెవిలో నూనె చుక్కలు వెయ్యడం మన ఇళ్ళల్లో ఉంది. వెయ్యకండి. ముక్కులో వేసిన నూనె ఊపిరితిత్తుల్లోకి జారి న్యుమోనియా తెప్పిస్తుంది. తల గుండ్రంగా రావాలని నొక్కడం, ముక్కు కోటేరుగా ఉండాలని లాగడం, పుట్టిన బిడ్డ రొమ్ముల్లో పాలున్నాయని పిండడం – మొదటి రెండూ దండగ, మూడోది చీము పట్టించే పని. సాంబ్రాణి పొగ తలుపులు మూసి పట్టడం లేత ఊపిరితిత్తులకి మంచిది కాదు. బాలింతకి ఒక కాలు మాత్రం వాచి, ఎర్రబడి, పిక్క నొప్పిగా ఉంటే ఆ కాలికి చెయ్యి తగలనివ్వకుండా ఆస్పత్రికి తీసుకెళ్ళాలి. లోపల నరంలో నెత్తురు గడ్డకట్టి ఉండొచ్చు. పిసికితే అది కదిలి ఊపిరితిత్తులకి చేరుతుంది, ప్రాణంమీదికొస్తుంది. ఆపరేషన్ కాన్పు అయినవాళ్ళు డాక్టరు సరే అనేదాకా కడుపుకి నూనె పట్టించుకోకూడదు. విరిగిన ఎముకని రుద్దకూడదని పాత చిత్తూరు జిల్లావాళ్ళకి నేను చెప్పక్కర్లేదు. ఎముక విరిగితే పుత్తూరు కట్టుకి పరుగెత్తడం వాళ్ళకి అలవాటే.

ఈ కాలంలో కాన్పులు ఆస్పత్రుల్లో అవుతున్నాయి. తల్లీబిడ్డల ప్రాణాలు దక్కుతున్నాయి, అంతకన్నా ఏం కావాలి? ఆ మార్పు మంచిదే. దాంతోబాటు మంత్రసాని వెళ్ళిపోయింది, ఆమె వెనకాల నీళ్ళు పోసే అవ్వ కూడా వెళ్ళిపోతోంది. పట్నాల్లో అపార్టుమెంటు కోడళ్ళు ఆమె కోసం వాకబు చేస్తున్నారు. దొరికితే మంచి డబ్బే ఇస్తున్నారు. ఇవ్వనివ్వండి. పడి బియ్యం దగ్గర ఆగిపోయిన లెక్క ఇన్నాళ్ళకి కాస్తయినా ముందుకి కదిలింది.

ఆఖరుగా ఒక పుస్తకం సంగతి. ఫ్రెడరిక్ లెబోయెర్ అనే ఫ్రెంచి కాన్పుల డాక్టరు కలకత్తా వచ్చినప్పుడు, ఒక పేదవాడలో నేలమీద కాళ్ళు చాపుకుని కూర్చుని బిడ్డకి ఒళ్ళు పడుతున్న తల్లిని చూశాడు. వేల కాన్పులు చేసిన మనిషి ఆ దృశ్యం ముందు నిలబడిపోయాడు. మళ్ళీ మళ్ళీ వెళ్ళి ఆమె చేతుల్ని ఫొటోలు తీసుకున్నాడు. 1976లో ప్యారిస్‌లో ఆ ఫొటోలతో పుస్తకం వేసి, దానికి ఆ తల్లి పేరే పెట్టాడు – 'శాంతల'. పేజీ తరవాత పేజీ, ఆమె చేతులూ, ఆ కాళ్ళమీద బిడ్డా. అది చాలా భాషల్లోకి వెళ్ళింది. ఇవాళ హాలండులో, పులికాట్ కోటలో కూర్చుని బట్టల బేళ్ళు లెక్కపెట్టినవాళ్ళ దేశంలో, కొత్తగా తల్లులైనవాళ్ళు ఫీజు కట్టి, బిడ్డని ఎత్తుకుని ఒక తరగతికి వెళతారు. బిడ్డకి నూనె రాసి ఒళ్ళు పట్టడం అక్కడ నేర్పుతారు. ఆ తరగతి పేరు డచ్చి భాషలో కూడా శాంతల మసాజే.